అనంతపురం ఎండలు, మిద్దె తోట: ‘మొక్కల శ్మశానం’ తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి ముందు కడుపుబ్బా నవ్వా, ఆ తర్వాతే జాలిపడ్డా. రాజమండ్రి నుంచి బదిలీ మీద అనంతపురం వచ్చావు. వస్తూ వస్తూ కడియం నర్సరీల్లో మొక్కలు కొని ఇంటి సామాను లారీలోనే వేసుకొచ్చావు. ఫిబ్రవరి దాకా కళకళలాడాయి, ఉగాది దాటగానే ఒక్కొక్కటే తల వేలాడేశాయి, మే సగానికి గులాబీలు పోయి, టమాటా పూత రాలి, ఆఖరికి తులసమ్మ కూడా ఎండిపోయింది. టవర్ క్లాక్ దగ్గర నీతో టీ తాగే బ్యాచ్ నీ మిద్దెకు ‘మొక్కల శ్మశానం’ అని పేరు పెట్టి, పొద్దున్నే గ్రూపులో గుడ్ మార్నింగ్ బదులు ‘ఈ రోజు ఎవరు పోయారు?’ అని పెడుతున్నారట. మా మరదలు కూడా వాళ్ల పార్టీలోకి దూకేసి, ఇంటికొచ్చిన చుట్టాలకు ‘ఇది మా ఆయన మ్యూజియం’ అని చూపిస్తోందట. ‘రోజూ రెండు పూటలా బక్కెట్లు బక్కెట్లు నీళ్లు పోస్తున్నా అన్నా, ఇంకేం లోటు చేశా?’ అని అడిగావు.

లోటు చేయలేదు నాయనా, ఎక్కువే చేశావు. ఇక్కడ ఎండకు చచ్చే మొక్కల కంటే ఎండకు భయపడి మనం చేసే సేవకు చచ్చేవి ఎక్కువ. అది కాక నువ్వు గోదావరి క్యాలెండరు పట్టుకుని సీమలో సేద్యం చేస్తున్నావు. మీ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి పడే వాన ఇక్కడ 550 దగ్గరే ఆగిపోతుంది. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అటే పిండేసుకుంటాయి, ఈశాన్యం వానలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. గాలిలో తేమ ఉండదు. అందుకే నీకు రాజమండ్రిలో కారినంత చెమట ఇక్కడ కారదు, ‘ఎండ ఉన్నా హాయిగానే ఉందే’ అనిపిస్తుంది. మొక్కకు అలా అనిపించదు. దాని ఆకుల్లోంచి నీరు ఆ పొడిగాలికి లాగేసినట్టు పోతుంది.

ముందు కడియం మొక్కల సంగతి. వాటిలో తప్పేం లేదు, దేశమంతా వెళ్తున్నాయి. కాకపోతే గోదావరి తేమలో నెట్ల కింద పెరగడం వల్ల ఆకులు పెద్దగా, మెత్తగా ఉంటాయి. తెచ్చిన రోజే మిద్దె మీద నడి ఎండలో పెడితే తట్టుకోలేవు. కనీసం రెండు వారాలు మెట్ల కిందో, వరండాలోనో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాత పూర్తి ఎండ అలవాటు చేయాలి. ఇంకో చిక్కు వేళ్ల దగ్గర ఉంటుంది. చచ్చిన గులాబీ ఒకటి కుండీలోంచి పెకలించి చూడు, వేళ్ల చుట్టూ నల్లటి బంకమట్టి ముద్ద ఒకటి ఉంటుంది, గోటితో గీకినా రాదు. లారీలో దూరం పోయే మొక్కలకు ఆ ముద్ద కడతారు. దాన్ని అలాగే తెచ్చి ఇక్కడి ఎర్రమట్టిలో, కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) పాతేస్తే ముద్ద ఎండి బిగుసుకుపోతుంది, నువ్వు పోసే నీళ్లు ముద్ద చుట్టూ జారి కింది రంధ్రంలోంచి వెళ్లిపోతాయి. కుండీ తడిగానే ఉంటుంది, వేళ్లకు మాత్రం చుక్క అందదు. కొత్త మొక్క తెస్తే ముందు ఆ ముద్దను బక్కెట్ నీళ్లలో నానబెట్టి, వేళ్లు తెగకుండా పై మట్టిని చేత్తో మెల్లగా వదులు చేసి, అప్పుడు నాటు. నర్సరీ వాళ్లు ఇది చెప్పరు, అడిగితే చెబుతారేమో.

ఇక మిద్దె. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పుల్లేకుండా ఒకసారి పైకెక్కి చూడు, ఎంతసేపు నిలబడగలవో. నీ కుండీలు ఆ స్లాబు మీదే రోజంతా కూర్చుంటున్నాయి. పై నుంచి సూర్యుడు, కింద నుంచి కాంక్రీటు, పక్క నుంచి పిట్టగోడ వేడి. నల్ల ప్లాస్టిక్ కుండీలైతే మరీ ఘోరం, పడమటి వైపు కుండీ గోడకు ఆనుకున్న వేళ్లు ఉడికిపోతాయి. పైగా స్లాబు సాయంత్రం ఏడైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. కాబట్టి మొదటి పని, ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి పైకి లేపు. గాలి ఆడాలి, కింది రంధ్రం మూసుకుపోకూడదు. తాడిపత్రి బండ ముక్కలు ఊరికే దొరుకుతాయని వాటి మీద పెట్టేవాళ్లను చూశా. ఆ నల్ల బండ ఎండకు ఎంత కాలుతుందో అది పరిచిన ఇళ్లలో ఉండేవాళ్లను అడుగు, చెబుతారు. స్లాబుకు తెల్ల సున్నం కొట్టించు, మొక్కలకే కాదు, కింద పడుకునే మీకూ చల్లగా ఉంటుంది. కుండీలను దూరం దూరంగా ప్రదర్శనకు పెట్టినట్టు పెట్టకుండా గుంపుగా చేర్చు, పెద్దవి పడమటి వైపు, చిన్నవి వాటి నీడలో.

షేడ్ నెట్ తప్పదు. ఎండను సగం ఆపే 50 శాతం నెట్ తీసుకో. 75 వద్దు, ఆ నీడలో కూరగాయలు సాగుతాయే గానీ కాయవు. తల తగలకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తులో కట్టు, పడమటి వైపు కొంచెం కిందికి దించు. గట్టిగా కట్టు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ వీచే గాలి సంగతి నీకింకా తెలీదు. రామగిరి కొండల మీద, ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు ఎందుకు పాతారో ఆ మూడు నెలల్లో నీకే అర్థమవుతుంది. మా బ్యాంకు మిత్రుడొకాయన నెట్‌ను పాత చీర అంచులతో కట్టి ‘ఇది దేశవాళీ టెక్నాలజీ’ అని మాకు క్లాసు పీకాడు. ఆషాఢం గాలికి ఆ నెట్ ఎగిరి మూడిళ్ల అవతల కేబుల్ వైరుకు వేలాడింది. ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే ‘విమానం దిగిందా సార్?’ అనే పలకరిస్తాం.

నీళ్ల దగ్గరకు వద్దాం. మధ్యాహ్నం బెండ, వంగ, బీర ఆకులు వేలాడేస్తే కంగారుపడి నీళ్లు పోస్తున్నావు కదా? పోయొద్దు. ఆ వేడికి ఆకులు వాలడం వాటి ఆత్మరక్షణ, సాయంత్రం ఆరింటికి వాటంతట అవే లేస్తాయి. పొద్దున ఆరింటికి కూడా లేవలేదంటే అప్పుడు టెన్షన్ పడు. మట్టిలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడు, తడి తగిలితే గమ్మునుండు, తగలకపోతే పొయ్యి. వేళ్లకు నీళ్లెంత ముఖ్యమో గాలీ అంతే, ఎప్పుడూ చిత్తడిగా ఉంటే కుళ్లుతాయి, కుళ్లిన వేళ్లు నీళ్లు తాగలేవు, ఆకులు వాలతాయి, నువ్వు ‘అయ్యో ఎండకు వాలింది’ అని మళ్లీ పోస్తావు. నీ శ్మశానంలో సగం సమాధులు ఇవే అయి ఉంటాయి. పొద్దున ఏడు లోపల ఒక్కసారి నిండుగా, కింది రంధ్రంలోంచి కారేదాకా పొయ్యి. మేలో చిన్న కుండీలకు మాత్రం స్లాబు చల్లబడ్డాక సాయంత్రం ఇంకోసారి. పైపు పెట్టే ముందు చెయ్యి పెట్టి చూడు. నల్ల ట్యాంకులోంచి ఎండలో పడున్న పైపులో వచ్చే మొదటి నీళ్లకు కోడి ఈకలు పీకొచ్చు. ఆ నీళ్లు బక్కెట్లో పట్టి పక్కన పెట్టు, చల్లారాక వాడుకో.

పైగా మనది బోరు నీళ్లు. కుండీ అంచున, మట్టి మీద తెల్లగా సున్నం పొర కడుతోందా లేదా? అదే ఉప్పు. కొంచెం కొంచెం నీళ్లు తరచూ పోస్తే నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగులుతుంది. అందుకే కారేదాకా పొయ్యమన్నది, నెలకోసారైతే ఇంకా ఎక్కువ పోసి కడిగినట్టు చెయ్యి. వాన పడితే కుండీలన్నీ ఆకాశం కింద ఉండాలి, ఆ నీళ్లను మించిన మందు లేదు. వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోస్తున్నానని గొప్పగా రాశావు, అది ఈ రోజే ఆపు. తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, గచ్చు కడుక్కో దాంతో. కూలరు అడుగున మిగిలే నీళ్లూ అంతే. ఏసీ నీళ్లు మాత్రం బంగారం, గాలిలోంచి దిగిన తేమ కాబట్టి ఉప్పు ఉండదు. కాకపోతే మన పొడిగాలికి ఏప్రిల్‌లో మీ రాజమండ్రిలో వచ్చినన్ని రావు, ఆశ పెట్టుకోకు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మరదలిని అడిగి పట్టు. ఈ వంకన అయినా ఆమెను మన పార్టీలోకి లాగొచ్చు.

తులసి విషయంలో మీ అమ్మగారి మీద అనుమానం ఉందని గుసగుసగా రాశావు. నీ అనుమానం నిజమే, కానీ పైకి అనకు. పొద్దున్నే ఆవిడ రాగి చెంబెడు పోస్తుంది, తర్వాత మరదలు ఒక గ్లాసు, ఎండ చూసి నువ్వు ఒక మగ్గు, శుక్రవారం అయితే పాలు కూడా. తులసి ఎండకు భయపడే మొక్క కాదు, అడుగు తడికి భయపడుతుంది. పెద్దవాళ్ల భక్తితో వాదనకు దిగితే నెగ్గవు. నేను మా ఇంట్లో కోట పక్కనే చిన్న ఇత్తడి పళ్లెం పెట్టి ‘అమ్మా, పాదాల దగ్గర పొయ్యి, పళ్లెంలో పడితే పక్షులు తాగుతాయి, ఇంకా పుణ్యం’ అన్నా. పిచ్చుకలు వచ్చాయి, తులసి నిలబడింది, అమ్మ ఇప్పుడు ఆ పిచ్చుకల గురించే వీధంతా చెబుతోంది. వెన్నులు వస్తే గింజ కట్టకముందే తుంచెయ్, లేకపోతే ముసలిదైపోతుంది.

మట్టి. వట్టి ఎర్రమట్టి కుండీలో నింపితే నాలుగు తడులకు ఇటుకలా గట్టిపడుతుంది. మట్టి సగం కంటే తక్కువ, బాగా మాగిన ఎరువు మూడో వంతు, మిగతాది కోకోపీటో, ఆకుల కంపోస్టో, గుప్పెడు వేపపిండి. ఎరువుకు ఎక్కడికీ పోనక్కర్లేదు, మన జిల్లాలో గొర్రెలకు కొదవా? ఊరి బయట మందల వాళ్లను అడిగితే గొర్రె ఎరువు బస్తాల్లో ఇస్తారు. అయితే అది పచ్చిది వేస్తే వేడి చేస్తుంది, పెంటికలు చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా కొన్ని నెలలు మాగనివ్వు. ఇంకో వరం చెనక్కాయ పొట్టు, అదే మీ వేరుశెనగ పొట్టు. మిల్లుల దగ్గర గుట్టలు పడి ఉంటుంది. కుండీలో మట్టి మీద రెండు మూడు అంగుళాల మందాన పరిచి ఒకసారి తడుపు, లేకపోతే గాలికి లేచి కిందింటి వాళ్ల పడసాలలో పడుతుంది. ఎండాకాలంలో ఈ ఒక్క పనితో తడి బాగా నిలుస్తుంది. పచ్చి పొట్టు మట్టిలో కలపకు, కుళ్లే క్రమంలో నత్రజనిని అదే తినేస్తుంది, మొక్క పసుపెక్కుతుంది. చెదలు వస్తున్నాయేమో కూడా అప్పుడప్పుడూ ఎత్తి చూడు. చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) రెండు మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తే మొక్కలు దూకుతాయి. కంపు మాత్రం నువ్వే భరించాలి. మా ఇంట్లో మొదటిసారి నానబెట్టినప్పుడు మా ఆవిడ ఎలుక చచ్చిందని బీరువా వెనకంతా వెతికింది, నేనూ వెతికినట్టు నటించా. మూత గట్టిగా పెట్టు, చుట్టాలొచ్చే రోజు తెరవకు.

టమాటా పూత ఎందుకు రాలిందని నీ మీద నువ్వు కోపం తెచ్చుకోకు. పగలు 35 డిగ్రీలు బాగా దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలక ఏం చేస్తుంది? మన మిద్దెకు సంవత్సరం జూన్ చివర, జూలైలో మొదలవుతుంది. తొలి వానలు పడ్డాక నారు పొయ్యి. టమాటా, వంగ, మిరప అప్పుడు నాటితే దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా కాస్తాయి. అనపకాయలకూ (మీ ఆనపకాయ, సొరకాయ కాదు, చిక్కుడు జాతిది) చిక్కుడుకూ జూలై, ఆగస్టే సమయం. పగలు కురచ అయితేనే పూత పట్టే రకాలు అవి. ఇక్కడ సంక్రాంతికి అనపగింజల కూర లేకపోతే పండగే కాదు, నువ్వు కాయించి పంచితే మీ బ్యాచ్ నోరు మూతపడుతుంది. మా గ్యాంగులో లెక్కల మాస్టారొకాయన జనవరిలో చిక్కుడు పెట్టి, పందిరంతా ఆకు కమ్మేస్తే ‘చూశారా నా చెయ్యి’ అని ఫోటోలు పెట్టాడు. ఏప్రిల్ వచ్చినా కాయ లేదు. ‘సార్, ఇది సమాధానం లేని లెక్క’ అని ఒకడు, ‘ఆకుకూర కింద వండుకోండి’ అని ఇంకొకడు. ఆయన ఇప్పటికీ విత్తనం మోసం అనే అంటాడు.

ఎండాకాలం అసలేం ఉండకూడదా అంటే, ఉండొచ్చు. నెట్ కింద తోటకూర, గోంగూర, బచ్చలి, అలసందలు, బెండ, ఇక్కడ మటిక్కాయలంటారే ఆ గోరుచిక్కుడు ఎండకు బాగానే ఓర్చుకుంటాయి. కొత్తిమీర మాత్రం మేలో వద్దు, కొనుక్కో. పూలల్లో మల్లె మన ఎండకే పుట్టింది. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి వదిలితే మార్చి నుంచి విరగపూస్తుంది. కనకాంబరం సగం నీడలో పెట్టు, అడిగేది తక్కువ, ఇచ్చేది ఎక్కువ. గులాబీ పిచ్చి వదల్లేనంటే నాటు రకం ఒకటి పెట్టుకో, అంతే.

కరేపాకు చిగుళ్లు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయని ఫోటో పెట్టావు. అది జబ్బు కాదు, ఇనుము లోపం. మన నీళ్లు, నేల క్షారం కాబట్టి ఇనుము ఉన్నా వేరుకు అందదు. చెనక్కాయ రైతుకు బాగా తెలిసిన వైద్యమే దీనికీ, లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చెయ్యి, వారం తర్వాత ఇంకోసారి. మందార మీద తెల్ల పిండినల్లి కనిపిస్తోంది, ముందు నీళ్ల ధారతో కొట్టు, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు. మందు చల్లేది సాయంత్రం చల్లబడ్డాకే, ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఇంటి ఓనరు ‘బరువుకు స్లాబు కురుస్తుంది’ అంటున్నాడని ఆయన మీద కోప్పడ్డావు. ఆయన భయంలో న్యాయం ఉందప్పా. తడిమట్టి ఒక ఘనపుటడుగు యాభై కిలోల దగ్గర తూగుతుంది. పెద్ద డ్రమ్ములు స్లాబు నడిమధ్య పెట్టకు, గోడల మీదుగా, దూలాల మీదుగా అంచుల్లో పెట్టు. పాతకాలం బండల మిద్దె అయితే చిన్న కుండీలతోనే సరిపెట్టుకో. కింద తడి నిలవకుండా ఇటుకలు ఉన్నాయని ఒకసారి ఆయన్ను పైకి పిలిచి చూపించు, చూపించే రోజు చేతిలో నాలుగు వంకాయలు ఉంటే ఇంకా మంచిది. అప్పటిదాకా బజారు వంకాయలైనా పర్లేదు, ఆయనకేం తెలుసు.

మీ బ్యాచ్‌లో ఎవరో ‘మన దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పాకింది, 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది, నీకు తులసి బతకలేదా?’ అన్నాడు చూడు, ఆయనకు నా తరఫున దండం. మాట బాగుంది, కానీ జవాబు చెప్పకుండా వదలకు. ‘ఆ మాను కదిరి దగ్గర నేలలోకి ఊడలు దింపుకుని తన నీళ్లు తనే వెతుక్కుంటుంది సార్, నాది పన్నెండు అంగుళాల కుండీ, దాని ప్రపంచమంతా అందులోనే, నీళ్లయినా ఎరువయినా నేను పెడితేనే తింటుంది’ అని చెప్పు. ఊరికే దెప్పుడు మాట కాదు ఇది, కుండీ సేద్యం అంటేనే ఇంత.

సెలవుల్లో పది రోజులు రాజమండ్రి వెళ్తే ఎవరు చూస్తారన్నావు. బతికున్నవాటిని గుంపుగా నీడలోకి లాగు, పొట్టు మందంగా పరుచు, కూరగాయల కుండీల్లో మూతకు సన్న రంధ్రం పెట్టిన రెండు లీటర్ల సీసాలు తలకిందులుగా గుచ్చు, అవి రెండు మూడు రోజులకు మించి రావు. మిగతా రోజులకు తాళంచెవి ఆ ‘ఈ రోజు ఎవరు పోయారు’ అని అడిగే ఆయనకే ఇవ్వు. ఏ మొక్క పోయినా ఆ పద్దు ఆయన ఖాతాలో పడుతుంది, కాబట్టి నీకంటే జాగ్రత్తగా చూసుకుంటాడు. కానీ వేలు గుచ్చి చూసి పొయ్యడం ముందు నేర్పించి వెళ్లు, లేకపోతే రోజూ బక్కెట్లు దిమ్మరిస్తాడు.

ఇప్పుడు కొత్తగా ఏం కొనకు. ఉన్నవాటిని జూన్ దాటించు, నెట్ కట్టించు, మట్టి కలిపి మాగబెట్టు. మిద్దె పొడవు వెడల్పు, పడమటి పిట్టగోడ ఎత్తు కొలిచి రాయి, ఎన్ని గజాల నెట్ పడుతుందో, పైపులు ఎక్కడ నిలపాలో చెబుతా.